ఏడు రోజులు దాటాయని వాపసు ఎగ్గొట్టే ఆన్‌లైన్ అమ్మకందారు నుంచి డబ్బు రాబట్టడం ఎలా?

మలికిపురం వైపు నుంచి ఒక రైతు అడిగిన ప్రశ్న ఇది. రెండెకరాల రొయ్యల చెరువు, సొంత సాగు. ఫిబ్రవరిలో ఆన్‌లైన్‌లో యూపీఐ ద్వారా 18,500 రూపాయలు కట్టి, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే డీవో మీటరు ఏడాది వారంటీతో కొన్నారు. సీడు (రొయ్య పిల్లలు) వేసింది మార్చిలో, మీటరు అసలు పని మొదలైంది ఆ తర్వాతే. తెల్లవారుజామున రొయ్యలు ఆక్సిజన్ అందక గట్టు పక్కకి వచ్చి తేలుతున్నా మీటరు మాత్రం లీటరుకి 8 మిల్లీగ్రాములు ఉన్నట్టు చూపిస్తోంది. అమ్మినవాడేమో "రిటర్న్ గడువు ఏడు రోజులే, అది దాటిపోయింది, కావాలంటే మీ ఖర్చుతో సూరత్ పంపండి, చూస్తాం" అంటున్నాడు. యాప్ కస్టమర్ కేర్ వాళ్లు మేం మధ్యవర్తులం మాత్రమే అంటున్నారు. పెట్టె తెరిచినప్పుడు వీడియో తీయలేదు, డబ్బు వస్తుందా, మీటరుని నమ్మి ఏరేటర్లు (నీళ్లని చిలికి గాలి కలిపే యంత్రాలు) వేయని రాత్రి పోయిన రొయ్యల నష్టం కూడా అడగొచ్చా అని ఆయన సందేహం.

డబ్బు వచ్చే అవకాశం బాగానే ఉందండి. రొయ్యల నష్టం సంగతి వేరు, దాని గురించి కింద రాస్తాను. అయితే ఇప్పుడు మీరు వెళ్తున్న దారిలో, అంటే రోజూ ఫోన్ చేసి కేకలేసే దారిలో, ఒక్క రూపాయి కూడా రాదు. నేను పాలకొల్లులో చాలా ఏళ్లు మోటార్లు, ఏరేటర్లు అమ్మినవాణ్ని. కౌంటరుకి అవతల నిలబడ్డవాడు ఎలా ఆలోచిస్తాడో నాకు తెలుసు. ఇప్పుడు షాపు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. నా దగ్గర కొనకుండా ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు, అది పాడైతే మాత్రం నా దగ్గరికే వచ్చి ఫిర్యాదు రాసిపెట్టమంటారు. అలా రాసీ రాసీ ఈ వ్యవహారం ఒంటబట్టింది.

సూరత్‌లో కూర్చున్నవాడి లెక్క చాలా మామూలు లెక్క. 18,500 కోసం కోనసీమ నుంచి ఎవడూ గుజరాత్ రాడు, నాలుగుసార్లు ఫోన్ చేసి విసిగిపోయి ఊరుకుంటాడు అని అతని ధీమా. ఈ లెక్కని తలకిందులు చేసేది 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 34వ సెక్షన్. దాని ప్రకారం కొన్నవాడు ఎక్కడ నివాసం ఉంటే, లేదా ఎక్కడ పని చేసుకుంటే, అక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. పాత 1986 చట్టంలో ఈ వెసులుబాటు లేదు. అప్పట్లో ఎదుటివాడి ఊరైనా కావాలి, లేదా లావాదేవీ కొంతైనా మన ఊళ్లో జరిగిందని చూపించుకోవాలి. ఇప్పుడు సూరత్ వాడే మన కమిషన్‌కి జవాబు చెప్పుకోవాలి, ఇక్కడ వకీలుని పెట్టుకోవాలి. ఆ ఖర్చు 18,500 దాటుతుందని అతనికి అర్థమైన రోజున మాట తీరు మారుతుంది. మీరు చేసే ప్రతి పనీ అతనికి ఆ సంగతి అర్థమయ్యేలా ఉండాలి.

దానికి ముందు ఒక పని ఉంది. లోపం మీటరుదేనని తేల్చుకోవాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. డీవో మీటరు విషయంలో కంపెనీవాడు చెప్పే సాకులు మూడే: మెంబ్రేన్ (కొలిచే మొన మీది పలచని పొర) పాడుచేశారు, కాలిబ్రేషన్ (రీడింగ్ సరిచూసి దిద్దడం) చేయలేదు, సెలినిటీ (నీటి ఉప్పదనం) పెట్టలేదు. మూడింటికీ ముందే జవాబు సిద్ధం చేసుకోండి. నీళ్లలో ముంచే ప్రోబ్ చివర మెంబ్రేన్ ఉండే రకమైతే లోపల ఎలక్ట్రోలైట్ ద్రవం ఉందో లేదో, గాలి బుడగ చేరిందో చూడండి. మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆన్ చేసి ఉంచి, చెప్పిన పద్ధతిలోనే గాలిలో కాలిబ్రేట్ చేయండి. మీది ఉప్పుటేరు నీరు కాబట్టి సెలినిటీ విలువ తప్పకుండా పెట్టాలి. అది పెట్టకపోతే మంచి మీటరైనా అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. ఇవన్నీ చేశాక మంచిదైపోతే సంతోషం, గొడవే లేదు.

చేసినా మారకపోతే జీరో టెస్ట్ చేయండి. సోడియం సల్ఫైట్ కలిపిన నీళ్లలో ఆక్సిజన్ ఉండదు. ఆ నీళ్లలో ప్రోబ్ ముంచితే కొద్ది నిమిషాల్లో రీడింగ్ సున్నా దగ్గరికి దిగాలి. మీ మీటరు అప్పుడు కూడా 6, 7 చూపిస్తూ ఉంటే అది మీటరు లోపమే, ఇక వాదించడానికి ఏమీ మిగలదు. ఈ పరీక్షని ఒకే వీడియోగా, మధ్యలో ఆపకుండా తీయండి. మొదట మీటరు మీద సీరియల్ నంబరు, తర్వాత కాలిబ్రేషన్, తర్వాత సల్ఫైట్ నీళ్లు, చివరికి రీడింగ్, అన్నీ అందులోనే కనిపించాలి. సల్ఫైట్ నీళ్లు చెరువులో పారబోయకండి, ప్రోబ్ మంచినీళ్లతో బాగా కడగండి.

రెండో సాక్ష్యం ల్యాబ్‌ది. భీమవరం నుంచి అమలాపురం దాకా ఆక్వా ల్యాబులకి కొదవ లేదు. ఒకరిని తెల్లవారుజామున చెరువు దగ్గరికే పిలిపించుకుని, అదే చోట, అదే సమయంలో వాళ్ల కిట్‌తో కొలిపించి, మీ మీటరు ఎంత చూపిందో, వాళ్లకి ఎంత వచ్చిందో లెటర్‌హెడ్ మీద రాయించి సంతకం తీసుకోండి. శాంపిల్ సీసాలో పట్టి టౌన్‌కి తీసుకెళ్తే లాభం లేదు, దారిలోనే ఆక్సిజన్ మారిపోతుంది. 30 డిగ్రీల వేడి దగ్గర మంచినీళ్లు కూడా గాలి నుంచి పట్టుకోగల ఆక్సిజన్ లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములే. ఉప్పు నీళ్లు అంతకన్నా తక్కువే పట్టుకుంటాయి. పగలు ఎండలో ఆల్గే (నీటి నాచు) వల్ల అది దాటడం మామూలే గానీ, రాత్రంతా రొయ్యలూ ఆల్గే పీల్చేశాక తెల్లవారుజామున 8 ఉండటం జరిగే పని కాదు. ఈ ముక్క ల్యాబ్ వాళ్ల చేతే రాయిస్తే ఫిర్యాదుకి బలం. ల్యాబ్ ఫీజు రసీదు దాచుకోండి, అది కూడా తర్వాత అడగొచ్చు.

మీటరు మాత్రం విప్పకండి, ఊళ్లో మెకానిక్ చేత విప్పించకండి. లోపం మీద తగవు వస్తే కమిషన్ దాన్ని ల్యాబరేటరీకి పంపించగలదు. విప్పిన వస్తువు ఆ పరీక్షకి పనికిరాదు.

పెట్టె తెరిచినప్పటి వీడియో లేదని టెన్షన్ పడకండి. ఖాళీ పెట్టె వచ్చినప్పుడు, వేరే వస్తువు వచ్చినప్పుడు, పగిలిపోయి వచ్చినప్పుడు అది ప్రాణం. పనితీరులో లోపానికి దానితో పెద్దగా అవసరం లేదు. అంతకన్నా మీకు ఇప్పుడు అవసరమైంది ఆ వస్తువు యాప్ పేజీ స్క్రీన్‌షాట్. "ఏడాది వారంటీ", "కచ్చితత్వం ఇంత", "రొయ్యల చెరువులకి అనుకూలం" అని రాసిన చోటల్లా ఈ రాత్రికే తీసి పెట్టుకోండి. గొడవ మొదలయ్యాక ఆ పేజీ మార్చేసిన, తీసేసిన అమ్మకందార్లని చూశాను. బిల్లు, ఆర్డర్ వివరాలు, చాట్‌లు, మెయిళ్లు అన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి, ఇంకో ఫోన్‌కి కూడా పంపుకోండి. కేసు దాకా వెళ్తే ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఒక సర్టిఫికెట్ జత చేయాల్సి ఉంటుంది. ఇదివరకు 65బి అనేవాళ్లు కదా, అదే. నోటరీ దగ్గర టైప్ చేసేవాళ్లకి ఈ నమూనా తెలుసు.

ఇక ఏడు రోజుల సంగతి. ఆ గడువు యాప్‌వాడు తనంతట తాను పెట్టుకున్న సదుపాయం. పేచీ లేకుండా వెనక్కి తీసుకునే కాలం అది. అది అయిపోయినంత మాత్రాన లోపమున్న వస్తువు మీద మీ హక్కు పోదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో, వస్తువు లోపభూయిష్టంగా ఉన్నా, ప్రకటనలో చెప్పిన గుణాలు లేకపోయినా వెనక్కి తీసుకోవడానికి గానీ, డబ్బు వాపసు ఇవ్వడానికి గానీ అమ్మకందారు నిరాకరించకూడదని నేరుగా ఉంది. పైగా మీకు ఏడాది వారంటీ ఇచ్చాడు. వారంటీ ఇచ్చినవాడు ఏడు రోజుల మాట ఎత్తడమే తమాషా. ఫిర్యాదుకి చట్టం ఇచ్చిన గడువు, కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. అలాగని కూర్చోవద్దు. లోపం కనిపించాక నెలల తరబడి ఊరుకుంటే ఇన్నాళ్లూ వాడుకున్నాడు కదా అంటారు.

అమ్మకందారు అసలు ఎవరో, ఎక్కడున్నాడో కనిపెట్టడం తర్వాతి పని. యాప్‌లో కనిపించే షాపు పేరు చాలాసార్లు అలంకారానికి పెట్టుకున్న పేరే. అసలు పేరు బిల్లులో ఉంటుంది, దాని కింద పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు ఉంటుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్: 24 అయితే గుజరాత్, 27 మహారాష్ట్ర, 07 ఢిల్లీ, మన ఆంధ్రకి 37. జీఎస్టీ వెబ్‌సైట్‌లో పన్ను చెల్లింపుదారు వెతుకులాట (Search Taxpayer) అని ఒక పేజీ ఉంది, లాగిన్ అక్కర్లేదు. అక్కడ ఆ నంబరు కొడితే చట్టపరమైన పేరు, వ్యాపార చిరునామా, రిజిస్ట్రేషన్ బతికి ఉందా రద్దయిందా అన్నీ వస్తాయి. మీటరు పెట్టె కూడా పారేయకండి. ప్యాక్ చేసిన సరుకు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, వినియోగదారుల ఫిర్యాదుల వివరాలు ఉండాలని తూనికలు కొలతల చట్టం కింద 2011 నిబంధనలు చెబుతున్నాయి. ఇలాంటి పరికరాలు చాలావరకు దిగుమతివే, దిగుమతిదారు పేరు ఆ స్టిక్కర్ మీదే దొరుకుతుంది. ఇవేవీ సరిపోకపోతే అమ్మినవాడి చిరునామా ఇమ్మని యాప్ కంపెనీకి రాతపూర్వకంగా అడగండి. కొన్నవాడు రాసి అడిగితే ఇవ్వాల్సిన బాధ్యత నిబంధనల్లో వాళ్ల మీదే ఉంది. "మేం మధ్యవర్తులం" అనేవాళ్లని ఇరుకున పెట్టే ప్రశ్న ఇదే. ఇస్తే చిరునామా దొరుకుతుంది, ఇవ్వకపోతే వాళ్ల తప్పు ఇంకొకటి కాగితం మీద పడుతుంది.

అప్పుడు ఒక ఉత్తరం రాయండి. కోపం లేకుండా, ఒక్క పేజీలో, ఇంగ్లిషులో రాయించండి, సూరత్‌వాడు చదవాలి కదా. ఫలానా తేదీన ఫలానా ఆర్డర్ నంబరుతో ఈ సీరియల్ నంబరు మీటరు కొన్నాను, ఇంత చెల్లించాను; మాన్యువల్ ప్రకారం కాలిబ్రేట్ చేసినా జీరో ద్రావణంలో ఇంత చూపిస్తోంది, ల్యాబ్ రిపోర్టు జత చేశాను; పదిహేను రోజుల్లో మీ ఖర్చుతో మీటరు తీసుకెళ్లి పూర్తి డబ్బు వాపసు ఇవ్వాలి; లేకపోతే నేను నివసించే జిల్లా కమిషన్‌లో 34వ సెక్షన్ కింద మీ మీద, ప్లాట్‌ఫామ్ (యాప్ కంపెనీ) మీద, దిగుమతిదారు మీద ఫిర్యాదు వేస్తాను, మీ హాజరు అక్కడే. ఈ చివరి వాక్యమే ఉత్తరానికి ఆయువుపట్టు. తిట్లు, శాపాలు, సోషల్ మీడియాలో పెడతానన్న బెదిరింపులు రాయొద్దు, రేపు ఆ ఉత్తరం కమిషన్ సభ్యుల చేతిలోకి వెళ్తుంది. ముగ్గురికీ మెయిల్ చేసి, పోస్టులో కూడా పంపండి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, కౌంటర్‌లో స్పీడ్ పోస్టుకి రిజిస్ట్రేషన్ కూడా కావాలని, డెలివరీ రుజువు కావాలని అడగండి. ఇలాంటి నోటీసు ఇవ్వాలని చట్టం పట్టుబట్టదు, వకీలు లెటర్‌హెడ్ కూడా అక్కర్లేదు. నా అనుభవంలో మాత్రం సగానికి సగం గొడవలు ఈ ఉత్తరం అందాకే తెగుతాయి.

యాప్ కంపెనీకి పంపే మెయిల్ కస్టమర్ కేర్‌కి కాదు, వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్‌కి (ఫిర్యాదుల అధికారికి) పంపాలి. ఆ అధికారి పేరు, హోదా, మెయిల్ వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి. సాధారణంగా పేజీ అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. చాట్‌లో జవాబిచ్చేవాడు రోబో కావచ్చు, గ్రీవెన్స్ ఆఫీసర్ మాత్రం పేరున్న మనిషి.

అదే సమయంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు, వెబ్‌సైట్‌లో కూడా నమోదు చేయొచ్చు. ఒక డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) ఇస్తారు. ఇది కోర్టు కాదు, వాళ్లు ఆర్డర్ వేయలేరు, కంపెనీకి పంపించి జవాబు రాబడతారు, అంతే. పెద్ద యాప్‌లు ఈ ఫిర్యాదుల్ని మామూలు చాట్ కంటే పట్టించుకుంటాయి. కంపెనీ నుంచి ఒకాయన ఫోన్ చేసి "సార్, వారం రోజుల్లో రిఫండ్ పడుతుంది, ఫిర్యాదు క్లోజ్ చేసుకోండి" అంటాడు. డబ్బు ఖాతాలో పడ్డాకే క్లోజ్ చేస్తానని మర్యాదగా చెప్పండి.

ఇక్కడే ఒక జాగ్రత్త. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకొద్దు. అక్కడ దొంగ నంబర్లు కాచుకుని ఉంటాయి. రిఫండ్ ఇస్తామంటూ ఓటీపీ అడిగేవాడు, పిన్ కొట్టమనేవాడు, స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమనేవాడు దొంగే. డబ్బు రావడానికి యూపీఐ పిన్‌తో పని లేదు. పొరపాటున పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. అసలు అమ్మినవాడే దొంగ వెబ్‌సైట్ అయి మాయమైపోయినా ఆ నంబరే, వినియోగదారుల కమిషన్ కాదు.

క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు బ్యాంకే వెనక్కి రప్పించడం) అడగొచ్చు, దానికి గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. మీరు యూపీఐలో కట్టానన్నారు. వస్తువు నాణ్యత బాగాలేదని యూపీఐ డబ్బుని బ్యాంకు వెనక్కి లాగదు, అక్కడ తిరిగి కాలం వృథా చేసుకోవద్దు.

ఇక కేసు దాకా వస్తే అవతలి వకీలు మొట్టమొదట అనేది ఒకే మాట: "ఈయన వినియోగదారుడే కాదు, వ్యాపారం కోసం కొన్నాడు." ఆక్వా రైతులందరూ దీనికి సిద్ధంగా ఉండాలి. వాణిజ్య అవసరానికి కొన్నవాడు వినియోగదారుడు కాదని చట్టంలో ఉన్నమాట నిజమే. దాని కిందే వివరణ కూడా ఉంది. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి మాత్రమే కొని వాడుకుంటే అది వాణిజ్య అవసరం కాదు. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. ఆటో కొని తనే తోలుకుని బతికేవాడు వినియోగదారుడే. ఒకరిద్దర్ని సాయం పెట్టుకున్నంత మాత్రాన ఆ హోదా పోదని కూడా చెప్పింది. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో, అది మన ఆంధ్రప్రదేశ్ రైతుల కేసే, విత్తనాలు కొన్న రైతులు వినియోగదారులేనని సుప్రీంకోర్టు తేల్చింది.

కాబట్టి మీ ఫిర్యాదు రెండో పేరాలోనే రాయండి: రెండెకరాల చెరువు నేనే సాగు చేసుకుంటున్నాను, ఒక మనిషిని సాయానికి పెట్టుకున్నాను, కుటుంబానికి ఆధారం ఇదే, మీటరు ఆ చెరువు కోసమే కొన్నాను అని. కౌలు అయితే కౌలు కాగితం, సొంతమైతే పాస్‌బుక్ నకలు, చెరువు రిజిస్ట్రేషన్ ఉంటే అది జత చేయండి. ఈ మాట ఫిర్యాదులో రాయకపోతే తర్వాత వాదనలో చెప్పినా బలం ఉండదు. నలభై యాభై ఎకరాలు, మేనేజర్లు, ఎగుమతి కంపెనీతో ఒప్పందాలు ఉన్నవాళ్లకి ఈ దారి కష్టం, వాళ్లు సివిల్ కోర్టుకి పోవాల్సిందే.

ఇంకొక్క ప్రశ్న: బిల్లు మీ పేరునే ఉందా? కొందరు జీఎస్టీ కలిసొస్తుందని బావమరిది ఫెర్టిలైజర్ షాపు నంబరు మీద బిల్లు చేయిస్తారు. ఆ కాస్త లాభం కోసం కేసు మొత్తం పోగొట్టుకున్నట్టే. పన్ను తిరిగి రాబట్టుకోవడానికి వ్యాపారం పేరుతో కొని, మళ్లీ నేను వినియోగదారుణ్ని అంటే ఎవరు నమ్ముతారు?

రొయ్యల నష్టం గురించి మీరు వినాలనుకునే జవాబు నా దగ్గర లేదు. మీటరు ధర, ల్యాబ్ ఫీజు, పోస్టు ఖర్చు, మనోవేదనకి కొంత, ఫిర్యాదు ఖర్చులు ఇవి అడగండి. పంట నష్టం లక్షల్లో వేశారంటే కేసు రూపమే మారిపోతుంది. ఆ రాత్రి రొయ్యలు పోయింది ఆక్సిజన్ అందకేనా, లేక వైట్ స్పాట్, వైబ్రియో లాంటి రొయ్యల జబ్బుల వల్లా అని అవతలివాడు అడుగుతాడు. గట్టు పక్కన తేలినప్పుడు ఏరేటర్లు ఎందుకు వేయలేదంటాడు. ఆ రోజు చనిపోయిన రొయ్యల్ని ఎవరూ పరీక్ష చేయలేదు కదా. పైగా 2019 చట్టంలో ఉత్పత్తి బాధ్యత అనే కొత్త అధ్యాయం పెట్టినా, అక్కడ "హాని" అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలోంచి వ్యాపార, ఆర్థిక నష్టాల్ని పక్కన పెట్టేశారు. ఇంకో చిక్కు ఏంటంటే, లక్షల నష్టం అని రాసిన చోటే మీది పెద్ద వ్యాపారమన్న వాదనకి అవతలివాడికి ఊతం దొరుకుతుంది. చేతిలో ఉన్న 18,500 గట్టి కేసుని పది లక్షల బలహీనమైన కేసులో కలిపేయొద్దన్నది నా సలహా.

వేయడం మాత్రం మీరనుకున్నంత కష్టం కాదు. జిల్లా కమిషన్ పరిధి, చెల్లించిన ధర 50 లక్షల దాకా. ఐదు లక్షల లోపు అయితే ఫీజు సున్నా. ఇక్కడ చూసేది వస్తువుకి మీరు కట్టిన ధరనే, అడిగే పరిహారాన్ని కాదు. వకీలు తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్ వచ్చింది, ఫిర్యాదు, అఫిడవిట్, పత్రాలు స్కాన్ చేసి అక్కడే వేయొచ్చు, వీడియోలో విచారణ కావాలని అడగొచ్చు. కమిషన్ ఆఫీసు కాగితం కాపీలు కూడా పంపమంటే పంపండి. పాత ఉమ్మడి జిల్లాల కాలం నుంచి కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరుల్లో కమిషన్లు ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఈ లెక్కలో కొందరికి గందరగోళం ఉంది కాబట్టి, మలికిపురం మండలం ఎక్కడికి వస్తుందో ఆఫీసుకి ఫోన్ చేసి అడిగాకే పోర్టల్‌లో ఎంచుకోండి.

నోటీసు అందాక ఎదుటివాడు 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇంకో 15 రోజులు పొడిగించొచ్చు, అంతే. ల్యాబ్ పరీక్ష అక్కర్లేని కేసు మూడు నెలల్లో, పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో రాసుంది. వాస్తవంలో అంతకంటే ఎక్కువే పడుతుంది, వాయిదాలకి ఓపిక పట్టాలి. ఆర్డర్ వచ్చాక కూడా కట్టకపోతే అదే కమిషన్‌లో అమలు దరఖాస్తు వేయొచ్చు. ఆర్డర్‌ని ధిక్కరించినవాడికి జైలు, జరిమానా దాకా 72వ సెక్షన్ ఉంది. అమ్మకందారుతో పాటు ప్లాట్‌ఫామ్‌ని కూడా ప్రతివాదిగా చేర్చమన్నది ఇందుకే. సూరత్‌లోని చిన్న దుకాణం రేపు బోర్డు తిప్పేయొచ్చు, పెద్ద కంపెనీ ఎక్కడికీ పోదు. ప్లాట్‌ఫామ్ బాధ్యత మీద అన్ని కేసుల్లో ఒకేలా తీర్పులు రాలేదు, అయినా చేర్చడంలో నష్టమేమీ లేదు.

చాలా కేసులు నోటీసు అందగానే రాజీకి వస్తాయి. అప్పుడు వచ్చే చిక్కు మీటరు వెనక్కి ఇవ్వడంలో. మీ పిన్‌కోడ్‌కి పికప్ లేదు, మీరే పంపండి అంటారు, లంక గ్రామాలవాళ్లకైతే ఇది రోజూ ఉండేదే. సరేనంటే స్పీడ్ పోస్టులోనే పంపండి. సీరియల్ నంబరు కనబడేలా ప్యాకింగ్ వీడియో తీసి, కౌంటర్‌లో తూకం వేసిన రసీదు భద్రంగా ఉంచండి. రేపు "పెట్టెలో ఇటుక వచ్చింది, మీటరు లేదు" అన్నప్పుడు ఆ బరువే మీ సాక్షి. పికప్ కుర్రాడు వస్తే అతని స్కానర్‌లో నమోదైన మెసేజ్ రాకుండా చేతికి ఇవ్వొద్దు. సగం డబ్బు ఇస్తాం, మీటరు ఉంచుకోండి అంటే మాత్రం ఒప్పుకోకండి. తప్పు చూపించే మీటరు చెరువు దగ్గర ఉంచుకోవడం కంటే అసలు మీటరు లేకపోవడమే మేలు.

ఈలోగా ఈ రాత్రి పని ఆగదు కాబట్టి, చుక్కలు వేసి కొలిచే డీవో కిట్ ఒకటి కొనుక్కోండి, కొన్ని వందల్లో దొరుకుతుంది. అర్ధరాత్రి దాటాక ఒకసారి, తెల్లవారకముందు ఒకసారి చూడండి. దాని బిల్లు కూడా ఫోల్డర్‌లో వేయండి. బిల్లు మీద జీఎస్టీ నంబరు, ఎవరి పేరున చేయించారో చూసి ఇక్కడే రాయండి. ఫిర్యాదులో ఎవరెవర్ని చేర్చాలో చెబుతాను.